ఆగిన సమయం

స్ట్రావాలో పెట్టే రైడ్ ఎంట్రీని ఒక సాహిత్య ప్రక్రియ అంటే నవ్వుతారేమో. కానీ సైకిళ్ల మీద గుట్టలూ చెట్లూ పట్టుకు తిరిగే మా బోటివాళ్లు రోజూ చదివే యాత్రాసాహిత్యం అదే, రాసేదీ అదే. ఒక శీర్షిక, వంకర గీతలా ఒక మ్యాపు, రెండు ఫోటోలు, నాలుగు అంకెలు. చదవడానికి పది సెకన్లు చాలు. హైకూకీ నానీకీ ఉన్నట్టే దీనికీ నియమాలున్నాయి. ఏం చెప్పాలో, ఏం వదిలెయ్యాలో రాసేవాడు కూర్చోకముందే తేలిపోయి ఉంటుంది.

అందులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం పేరు మూవింగ్ టైమ్. పోయిన వానాకాలంలో అయిదుగురం కలిసి వికారాబాద్ వైపు తిరిగిన ఒక ఆదివారం ఎంట్రీ చూడండి. 31 కిలోమీటర్లు, 2 గంటల 40 నిమిషాలు. నిజానికి మేం ఆ మట్టిదారుల్లో ఉన్నది ఆరు గంటల పైమాటే. మిగతా మూడున్నర గంటలు ఎటు పోయాయి? ఎంట్రీలో ఇంకాస్త లోపలికి వెళ్లి వెతికితే ఎలాప్స్డ్ టైమ్ అని ఇంకో అంకె దొరుకుతుంది. మొదలెట్టినప్పటి నుంచి ముగించేదాకా గడియారం చెప్పిన సమయం అది. కానీ అందరికీ పైన కనబడేది మొదటిదే. చక్రం తిరగని ప్రతి నిమిషాన్నీ సాఫ్ట్‌వేర్ తీసి పక్కన పెట్టేస్తుంది.

ఇలాంటి ఫిల్టర్లు రాయడమే నా ఉద్యోగం కాబట్టి ఎందుకు పెట్టారో నాకు తెలుసు. రోడ్డు మీద తొక్కేవాడు సిగ్నల్ దగ్గర ఆగిన రెండు నిమిషాలకి వాడి సగటు వేగం పడిపోకూడదు. న్యాయమే. బురదలో గుంపుగా వెళ్లే రైడుకి అదే ఫిల్టర్ వేస్తే మాత్రం, కథ మొత్తం తీసేసి మధ్యలో వచ్చే "ఆ తర్వాత"లు మాత్రమే మిగిల్చినట్టవుతుంది. మౌంటెన్ బైకింగ్ మీద వచ్చిన సినిమాలూ పుస్తకాలూ కొన్ని వరసగా చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, ఈ పని స్ట్రావా కొత్తగా మొదలెట్టింది కాదు. ఈ ఆట తన కథని మొదట్నుంచీ మూవింగ్ టైమ్‌లోనే చెప్పుకుంటూ వచ్చింది.

ఆ సంగతికి వెళ్లే ముందు బురద గురించి కాస్త చెప్పాలి. బురద తెలియకపోతే ఆగడం ఎందుకో తెలియదు.

అనంతగిరి గుట్టల మీద ఎర్రమట్టి. వాన పడితే జారుతుంది, బట్టలు పాడవుతాయి, అంతే. టైరు తిరుగుతూ తిరుగుతూ అంటుకున్నదాన్ని తనే విసిరేస్తుంది. గుట్ట దిగి తాండూరు వైపు కందిచేల మధ్య బండ్లబాటలోకి వచ్చారా, నల్లరేగడి మొదలు. దాని పద్ధతి వేరు. అది చిమ్మదు, అంటుకుంటుంది. మొదటి చుట్టులో టైరు మీద ఒక పొర, రెండో చుట్టులో ఆ పొర మీద ఇంకో పొర, దాంట్లో గడ్డి, ఆ గడ్డికి మళ్లీ మట్టి. యాభై గజాలు పోయేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య ఉన్న సందు పూడిపోతుంది. చక్రం ఆగిపోతుంది. బ్రేకు వెయ్యలేదు, గొలుసు తెగలేదు, చక్రం తిరగదంతే. తోసినా తిరగదు. పదమూడు కిలోల సైకిలు ఇరవై కిలోలవుతుంది. చెప్పుల కింద ఒకటి, సైకిలు కింద ఒకటి, రెండు పొలాలు మోసుకెళ్తున్నట్టుంటుంది. అప్పుడు చేసేది ఒకటే. గట్టెక్కి, ఒక కందికట్టె విరిచి, ఫోర్కు సందుల్లోంచి మట్టి గీకడం. గీకి ఇంకో యాభై గజాలు. మళ్లీ గీకడం.

ఇక్కడే గుంపు అనేది తయారవుతుంది. పొడి దారిలో అయిదుగురు వెళ్తే వాళ్లు అయిదు వేర్వేరు వేగాలు. ముందున్నవాడికి వెనకున్నవాడు కనబడడు. రేగడిలో ఆ తేడాలు చెరిగిపోతాయి. ఖరీదైన కార్బన్ సైకిలుకీ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదానికీ ఫోర్కు సందు దాదాపు ఒకటే. జిమ్ముకెళ్లే తొడలు ఎంత బలంగా తొక్కితే అంత త్వరగా మట్టి పేరుకుంటుంది. అందరూ దిగాల్సిందే. దిగాక మాటలు మొదలవుతాయి. ఒకరి చక్రం ఇంకొకరు పట్టుకుంటారు, ఒకరి నీళ్లు ఇంకొకరి గొలుసు మీద పోస్తారు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో, ఎవరి ప్రాజెక్టు ఊడిందో, ఎవరికి ఏ డాక్టరు ఏం చెప్పాడో నాకు తెలిసింది ఆ గట్ల మీదే. ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చున్న నాలుగేళ్లలో అవి తెలియలేదు.

(ఒక పక్క మాట. తడి దారుల్లో తొక్కడం మంచిది కాదనే వాదన ఉంది, సబబైన వాదనే. అమెరికాలో ట్రెయిళ్లు చూసుకునే సంఘాలు వాన పడ్డాక రావద్దనే చెప్తాయి. మెత్తని దారిలో టైరు గాడి పడితే తర్వాతి వాన ఆ గాడిలోనే పారి దారిని కోసేస్తుంది. తప్పక వెళ్తే బురదని తప్పించుకుని పక్కనుంచి కాకుండా మధ్యలోంచే పొమ్మంటారు, పక్కకి పోతే దారి వెడల్పవుతుందని. మనవైపు బండ్లబాటలు ఎడ్లూ ట్రాక్టర్లూ తొక్కినవి కాబట్టి మా టైర్లకి వాటికి పోయేదేం లేదు. కానీ గట్టు మీద సైకిలు ఈడ్చుకెళ్తే పోయేది రైతు గట్టు. అది గుర్తుంచుకోవాలి.)

ఇక స్ట్రావా. ఆగిన సమయాన్ని ఎంట్రీలో తీసివేసే ఈ యాప్, సెగ్మెంట్లలో అదే సమయానికి జరిమానా వేస్తుంది. సెగ్మెంట్ అంటే దారిలో ఒక ముక్క. ఆ ముక్కని ఎవరు ఎంత వేగంగా దాటారో వరసపెట్టి పట్టిక కడతారు. అక్కడ గడియారం ఆగదు. ఎక్కుడు మధ్యలో వెనకవాడి కోసం నిలబడ్డారో, ఆ నిలబడ్డదంతా మీ లెక్కలో పడి పట్టికలో కిందికి పోతారు. కాబట్టి ఒక చోట ఆగడం అసలు జరగనట్టే, ఇంకో చోట జరిగితే తప్పు. విచిత్రం ఏంటంటే, 2009లో దీన్ని మొదలెట్టిన మార్క్ గేనీ, మైకేల్ హోర్వాత్ ఇద్దరూ హార్వర్డ్‌లో ఒకే జట్టులో పడవలు నడిపినవాళ్లు. చదువులు అయిపోయాక ఆ జట్టు సావాసం లేని లోటు తీర్చుకోవడానికే ఈ ఆలోచన పుట్టిందని వాళ్లే చెప్పుకున్నారు. పడవలో వెనకబడేవాడు ఉండడు కదా. ఎనిమిదిమంది ఒకే పడవలో ఒకేసారి గట్టు చేరతారు. ఆ జట్టుతనాన్ని విడివిడి సైకిళ్ల మీదికి తెస్తే ఏమవుతుందో బహుశా పడవలో కూర్చున్నవాళ్లకి కనబడి ఉండదు.

సరే, మొదట్నుంచీ ఇంతే అన్నాను. ఆ మొదలు ఎక్కడో చూద్దాం.

బిల్లీ శావేజ్ తీసిన 'క్లంకర్జ్' అనే డాక్యుమెంటరీ 2006లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో, 1970ల్లో, జులపాల జుట్టు కుర్రాళ్లు కొందరు 1930ల నాటి ష్విన్ కంపెనీ లావుటైర్ల పాత సైకిళ్లని చెత్తలోంచి ఏరి, కొండల మీదికి తోలుకెళ్లి, కిందికి దూసుకొచ్చిన కథ. ఆ కుర్రాళ్లే తర్వాత గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్. సైకిలు దుకాణంలో నాలుగు బ్రాండ్ల పేర్లు చదివినవాళ్లకి వీళ్లలో ఇద్దరు ముగ్గురు తెలిసే ఉంటారు. సినిమా బాగుంటుంది. ముసలివాళ్లయ్యాక కూడా వాళ్ల మాటల్లో అల్లరి పోలేదు. కానీ కథ నడిచే దారి మాత్రం ముందే తెలిసిన దారి: ఆట, పందెం, ఆవిష్కరణ, కంపెనీ.

ఆ పందెం పేరు రీప్యాక్. ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్క కొండ మీంచి దిగే మట్టిరోడ్డు, రెండు మైళ్ల పైచిలుకు పొడవు, 1300 అడుగుల దిగుడు. మొదటి పందెం 1976 అక్టోబరు 21న. ఎందుకు పెట్టుకున్నారంటే, మనలో ఎవడు ఫాస్టు అనే గొడవ తేల్చుకోడానికి. అందరూ ఒకేసారి దిగితే ఎముకలు మిగలవు కాబట్టి, ఒక్కొక్కణ్ణీ కాస్త ఎడం ఇచ్చి పంపి, గడియారంతో కొలిచారు. ఇది కాస్త ఆగి చూడాల్సిన విషయం అనుకుంటాను. రోజూ గుంపుగా తిరిగే స్నేహితులు, పందెం రోజున మాత్రం ఒక్కొక్కరే దిగారు. కొలవాలంటే విడదీయక తప్పదు. చార్లీ కెల్లీ ఆ టైములన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. గ్యారీ ఫిషర్ నాలుగు నిమిషాల ఇరవై చిల్లర సెకన్లు ఈరోజుకీ అందరికీ తెలుసంటే ఆ నోటుబుక్కు వల్లే. అదే రోజు కొండ కింద వాళ్లు ఎంతసేపు కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో ఏ బుక్కులోనూ లేదు.

అయితే ఆ పందెం పేరులోనే ఇంకో కథ దాక్కుని ఉంది. ఆ పాత సైకిళ్లకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి చక్రం నడిమి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. కిందికొచ్చాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. అంటే రీప్యాక్ చెయ్యాలి. చూడండి, ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న ఆ దిగుడుకి పేరు పెట్టింది దిగడం కాదు, దిగాక కూలబడి చేసుకునే పని. పేరు పెట్టినప్పుడు వాళ్లకి ఏది ముఖ్యమో తెలిసే పెట్టినట్టుంది. సినిమా ఆ పేరుకి కారణం చెప్పి, ముప్పై సెకన్లలో మళ్లీ వేగంలోకి వెళ్లిపోతుంది.

'క్లంకర్జ్'లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం మారిన్‌వాళ్లది కాదు. క్యూపర్టినోవాళ్లది. అవును, మన తెలుగువాళ్లు ఇప్పుడు వీధికి నలుగురుండే ఆ క్యూపర్టినోనే. అప్పుడక్కడ మారో డర్ట్ క్లబ్ అని ఒక చిన్న స్నేహబృందం. 1974 డిసెంబరులో మారిన్‌లో ఒక సైక్లోక్రాస్ పందేనికి వీళ్లు కొందరు వచ్చారు. వాళ్ల లావుటైర్ల సైకిళ్లకి గేర్లున్నాయి, హ్యాండిల్ మీద వేలితో మార్చుకునే మీటలున్నాయి. మారిన్ కుర్రాళ్లకి ఇంకా ఆ ఆలోచన రాలేదు. వచ్చారు, తొక్కారు, వెళ్లిపోయారు. తర్వాత వీళ్ల సంగతి చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే వాళ్లు పందేలు నిర్వహించలేదు, కంపెనీ పెట్టలేదు, పత్రిక నడపలేదు. వాళ్లలో వాళ్లు కొండలు తిరిగారు, కొన్నాళ్లకి మానేశారు. చరిత్ర రాసేవాళ్లు వాళ్లని ఎప్పుడూ "వీళ్లే ముందు కావాల్సింది, తప్పిపోయారు" అన్నట్టు రాస్తారు. నాకు ఆ స్వరం నచ్చదు. వాళ్లు దేన్నీ తప్పిపోలేదు. గుంపుగా తిరగడమే వాళ్లకి కావలసింది, అది వాళ్లకి దొరికింది. మన కథనం దాన్ని పట్టుకోలేకపోయింది, అది మన కథనం లోపం. శావేజ్ వాళ్లని వెతికి పట్టుకుని మాట్లాడించినందుకు మాత్రం మెచ్చుకోవాలి. సినిమాలో తక్కినవాళ్లంతా తాము ఏం కనిపెట్టామో చెప్తుంటే, వీళ్ల భాగంలో స్వరం తగ్గుతుంది. మనిషి గుర్తు తెచ్చుకుంటున్నప్పటి స్వరం అది.

ఇదే మారిన్ కథని చార్లీ కెల్లీ తానే 'ఫ్యాట్ టైర్ ఫ్లయర్' అనే పుస్తకంగా 2014లో రాశాడు. 1980ల్లో తాను నడిపిన పత్రిక పేరే దానికీ పెట్టాడు. కెల్లీ మంచి రచయిత, తనని తాను ఎగతాళి చేసుకోవడం తెలిసినవాడు. అయినా ఆ కాలాన్ని తెలుసుకోవాలంటే నేను అక్షరాల కన్నా ఫోటోలనే ఎక్కువ నమ్ముతాను. వెండీ క్రాగ్ అనే ఆవిడ ఆ గుంపుతో తిరిగింది. ఆ మగ గుంపులో దాదాపు ఒక్కతే ఆడమనిషి. ఆవిడ దగ్గర కెమెరా ఉంది. ఆ రోజుల గురించి ఏ పుస్తకం తీసినా, ఏ సినిమా చూసినా అందులో చాలా బొమ్మలు ఆవిడ తీసినవే. పందెం బొమ్మలు ఉన్నాయి, బాగుంటాయి. కానీ నన్ను పట్టుకునేవి పందెం కాని రోజులవి. జీన్సు ప్యాంట్లు, బరువైన పాత సైకిళ్లు, చుట్టూ గడ్డి కొండలు, పక్కన ఒక కుక్క, ఏ తొందరా లేని మొహాలు. అందులో ఎవడు గెలిచాడో, ఎవడు చివర వచ్చాడో చెప్పలేం. కథ చెప్పేవాళ్లు ఆ బొమ్మలని పందెం కథకి పక్కన అలంకారంగా వాడుకున్నారు. నాకు మాత్రం ఆ పందేలే ఈ బొమ్మల పక్కన వేసిన చిన్న అడుగుబొడుగు వివరంలా కనబడతాయి.

'ది రిడ్జ్' గురించి ఎక్కువ చెప్పను, చాలామంది చూసే ఉంటారు. 2014లో వచ్చిన ఏడెనిమిది నిమిషాల సినిమా. స్కాట్లాండ్‌లో స్కై అనే ద్వీపం, అక్కడ కూలిన్ అనే రాతి శిఖరాల వరస. డానీ మకాస్కిల్ పడవేసుకుని వస్తాడు, సైకిలు భుజానికెత్తి కొండ చరియ ఎక్కుతాడు, కత్తి అంచులాంటి రాతి మీద తొక్కుతాడు. ఎప్పుడు చూసినా అరచేతులు చెమర్చుతాయి. అద్భుతమే. మకాస్కిల్ పుట్టింది ఆ ద్వీపంలోనే, ఆ ఆకాశాన్నీ సముద్రాన్నీ అతను చూసే తీరులో ఇంటికొచ్చినవాడి నెమ్మది ఉంది. కానీ ఆ కొండ మీద అతనొక్కడే ఉన్నట్టు మనం నమ్మాలి. డ్రోను ఎగరేసినవాళ్లు, తాడు పట్టుకున్నవాళ్లు, మోసినవాళ్లు, వానొస్తే అతనితోపాటు రాతి కింద నక్కినవాళ్లు ఫ్రేములో లేరు. ఎత్తయిన కొండ, ఒంటరి వీరుడు. మన పౌరాణిక సినిమాలకి అలవాటుపడ్డ కళ్లకి అందులో కొత్తేమీ అనిపించదు.

దీన్ని చూసి ఊగిపోయి మావాళ్లు తీసుకునే హెల్మెట్ కెమెరా వీడియోల సంగతి ఇంకో రకం. అందులో హ్యాండిల్ ఉంటుంది, ముందువాడి వీపు ఉంటుంది. బురద లెన్సు మీద పడితే స్లోమోషన్‌లో చూపిస్తారు. వెనకాల వచ్చేవాడు ఆ సినిమాలో పుట్టనే లేదు. ఆగినప్పుడు బ్యాటరీ దండగని కెమెరా కట్టేస్తారు.

కెమెరా కట్టెయ్యడం అనే ఈ చిన్న పనిలోనే అసలు తేడా ఉందని నాకు తట్టింది 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్ ఆర్కైవ్' చూశాక. ఇది ఫోటోల పుస్తకం, 2019లో ఐసోలా ప్రెస్ వేసింది. రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనేది ఇంగ్లండులో 1955లో లెమ్‌స్టర్ అనే ఊళ్లో ఒక పబ్బులో పుట్టిన సంఘం. మారిన్ కుర్రాళ్లకి ఇరవై ఏళ్ల ముందు. సైకిళ్లు రోడ్డు మీద కాకుండా కొండదారుల్లో, వాగుల్లో, మంచులో తీసుకెళ్లే సరదా ఉన్నవాళ్లు చేరారు. వాళ్లేం కొత్త సైకిలు కనిపెట్టలేదు. మామూలు టూరింగు సైకిళ్లే, సన్న టైర్లే. తొక్కగలిగితే తొక్కడం, లేకపోతే దిగి తొయ్యడం, తొయ్యలేకపోతే మొయ్యడం. పందేల ఊసే లేదు. ఆ సంఘం సభ్యులు దశాబ్దాల తరబడి తీసిన స్లైడ్లలోంచి ఏరి ఈ పుస్తకం చేశారు.

పేజీలు తిప్పుతుంటే ఒక వింత కనబడుతుంది. సైకిళ్ల పుస్తకమే, కానీ సైకిలు తొక్కుతున్నవాళ్లు తక్కువ. వాగులో మోకాళ్ల లోతున నిలబడినవాళ్లు, సైకిలు భుజాన వేసుకుని రాళ్లు ఎక్కుతున్నవాళ్లు, గేటు పట్టుకుని వెనకవాళ్లు రావడానికి చూస్తున్నవాళ్లు, పొగమంచులో స్టవ్వు వెలిగించి టీ కాస్తున్నవాళ్లు. నిక్కర్లు, ఉన్ని స్వెట్టర్లు, ఒకరిద్దరికి టైలు కూడా. బురదలో టై కట్టుకుని నడిచే మనిషిని చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత గౌరవం కలుగుతుంది. ఈ పుస్తకం మొత్తం, స్ట్రావా తీసి పక్కన పెట్టిన ఆ మూడున్నర గంటల ఆల్బమ్.

వాళ్లు మనకన్నా మంచివాళ్లు కాబట్టి ఇలా తీశారని నేననను. వాళ్ల కెమెరా అలాంటిది. ఫోటో తియ్యాలంటే సైకిలు దిగాలి, దాన్ని గోడకి ఆనించాలి, సంచిలోంచి కెమెరా తియ్యాలి, వెలుతురు కొలవాలి, రీలు ఖరీదు తలుచుకోవాలి. ఆగితే తప్ప బొమ్మ రాదు. కాబట్టి బొమ్మల్లో ఆగడమే పడింది. మన కెమెరా హెల్మెట్‌కి బిగించి ఉంటుంది, ఆగనవసరం లేకుండా ఉండటానికే దాన్ని తయారుచేశారు. కాబట్టి ఆగకపోవడమే పడుతుంది. పనిముట్టు ఏది చూడగలదో కథ కూడా అదే చెప్తుంది. ప్రోగ్రాములు రాసేవాడికి ఇది కొత్త సంగతేమీ కాదు. లాగ్‌లో లేనిది జరగనట్టే అని మేం రోజూ అంటుంటాం.

ఆ పుస్తకానికీ ఒక లోపం ఉంది. పాత స్లైడుల రంగు, పొగమంచు, ఉన్ని స్వెట్టర్లు చూస్తే దేన్నైనా ప్రేమించాలనిపిస్తుంది. ఆ బొమ్మల్లో చలికి తిట్టుకున్నవాళ్లు, ఇంకోసారి రానని వెళ్లిపోయినవాళ్లు కనబడరు. ఆగడం అనేది ఎప్పుడూ టీ కాచుకున్నంత తియ్యగా ఉండదు.

మా గుంపులోంచి ఒకతను కిందటేడు రావడం మానేశాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, సైకిలూ బాగానే ఉంది. ఎందుకురా అంటే చాలాసేపు ఏదేదో చెప్పి, చివరికి అన్నాడు: "మీరు నాకోసం ఆగుతరు. అది నాకు మంచిగనిపిస్తలేదు." ఆగితే ఏమైంది, మాకేం కష్టం అన్నాం. "ఆగేటోళ్లకేముంటది మామా. ఎవనికోసం ఆగుతున్నరో వానికే ఉంటది."

ఈ మాట నేను ఇప్పటిదాకా చెప్పిన సినిమాలూ పుస్తకాలూ వేటిలోనూ వినలేదు. వినే అవకాశం వాటిలో లేదు. ఎక్కుడు పైన నలుగురు సైకిళ్లు పడేసి కూర్చుని ఉంటారు. కింద మలుపులో ఒకడు కనబడతాడు. వాడు పైకి వచ్చేసరికి నలుగురూ లేచి హెల్మెట్లు పెట్టుకుంటారు, అందరికీ విశ్రాంతి అయిపోయింది కదా. వాడికి మాత్రం విశ్రాంతి లేదు. అందరికన్నా అలసినవాడికే అందరికన్నా తక్కువ ఆగే సమయం. వాడి ఎంట్రీలో మూవింగ్ టైమ్‌కీ ఎలాప్స్డ్ టైమ్‌కీ తేడా మా అందరికన్నా తక్కువ. అంకెలు చూసినవాళ్లు వాడే ఎక్కడా ఆగని మొనగాడు అనుకోవాలి. కానీ కథ ఎప్పుడూ వేగం లెక్కలోనే సాగుతుంది కాబట్టి, ఆ కథలో వాడు ఆలస్యానికి కారణం. ఇంకో పాత్ర వాడికి లేదు. కొన్నాళ్లకి వాడు కూడా తన గురించి ఆ కథే చెప్పుకుంటాడు. మంచి విమర్శ చెయ్యగలిగేది ఏమైనా ఉంటే, ఆ కథ ఒక్కటే కాదని చూపించడమే. రేగడిలో అతనే అందరికన్నా ఓపికగా మట్టి గీకేవాడు. మా సైకిళ్లవి కూడా. ఆ సంగతి ఏ పట్టికలో వెయ్యాలి?

ఇంతకీ మన భాషలో ప్రయాణం కథ ఎలా చెప్పారా అని ఆలోచిస్తే, సమాధానం కళ్లెదుటే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు'. మణిసిద్ధుడు కాశీకి బయల్దేరతాడు, తోడు రమ్మని ఒక గోపకుర్రాణ్ణి అడుగుతాడు. వాడు ఊరికే రాడు. మజిలీ మజిలీకీ తనకి కథ చెప్తేనే వస్తానంటాడు. అక్కణ్ణుంచి అంత పెద్ద గ్రంథమూ ఆగినచోట్ల జరిగేదే. నడిచిన దూరం ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది, మజిలీ చేశాక కథ పేజీలకి పేజీలు సాగుతుంది. స్ట్రావాకి సరిగ్గా తలకిందులు. పైగా అక్కడ ఆగడం ఎవరికోసమో చేసే ఉపకారం కాదు. తోడు రావడానికి వాడు అడిగిన కూలీయే అది. అంతకుముందు ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో కాశీకి వెళ్తూ రాసుకున్న యాత్రాచరిత్ర చూసినా అంతే. ఏ ఊళ్లో దిగాం, దారి ఎలా ఉంది, అక్కడ ఏ సామాను దొరుకుతుంది. వెనకవచ్చే పరివారంలో అందరికీ తిండి దొరికితేనే ఆయన ప్రయాణం ముందుకి సాగేది. వేగం గురించి గొప్పలు చెప్పుకోవాలని ఆయనకి తట్టి ఉంటుందని నేననుకోను.

అలాగని వేగాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అనంతగిరి ఎర్రమట్టి మీద, వాన వెలిసిన పొద్దున, చెట్ల మధ్య నుంచి కిందికి జారుతున్నప్పుడు కలిగే ఆ ఊపు నాకూ తెలుసు. దాన్ని చూపించడంలో 'ది రిడ్జ్'ని మించింది లేదు. ఆగిన సమయాన్ని ఆగినంతసేపూ తెర మీద చూపిస్తే ఎవరూ చూడరని కూడా ఒప్పుకుంటాను. నలుగురు కూర్చుని దోమలు తోలుకోవడం నలభై నిమిషాలు ఎవరు చూస్తారు? అందుకే బహుశా అది సినిమాకి లొంగే వస్తువు కాదేమో. ఫోటోకి లొంగింది, మజిలీ కథకి లొంగింది.

రఫ్ స్టఫ్ ఫెలోషిప్ వాళ్లు తమ పెద్దదిక్కుగా తలుచుకునే ఒకాయన ఉన్నాడు, డబ్ల్యూ. ఎం. రాబిన్సన్. వేఫేరర్ అనే కలంపేరుతో సైకిలు పత్రికల్లో రాసేవాడు. 1919 మార్చిలో మిత్రులతో కలిసి ఉత్తర వేల్స్‌లో బెర్విన్ కొండలని మంచులో సైకిళ్లతో దాటి, ఆ ప్రయాణం మీద ఒక వ్యాసం రాశాడు. దాని పేరు 'ఓవర్ ద టాప్'. మొదటి ప్రపంచయుద్ధంలో కందకం దాటి చావు ఎదుటికి దూకడానికి సైనికులు వాడిన మాట అది. యుద్ధం ముగిసి అయిదు నెలలు కూడా కాలేదు. ఆ మాటని తీసుకుని స్నేహితులతో కొండ దాటడానికి పెట్టాడు. ఆయన పోయాక 1957లో ఆ కనుమ పైన ఒక రాయి పెట్టారు, పక్కనే ఒక డబ్బాలో వచ్చేపోయేవాళ్లు రాయడానికి ఒక పుస్తకం ఉంచారు. ఆ పుస్తకంలో రాయాలంటే సైకిలు దిగాలి, పడుకోబెట్టాలి, చేతికంటిన బురద ప్యాంటుకి తుడుచుకోవాలి, డబ్బా తెరవాలి, మనకన్నా ముందు ఎవరు రాశారో ఒక పేజీ చదవాలి. మావాడు మళ్లీ వస్తానంటే, ఏదో ఒక సెలవల్లో అక్కడికి పోదామని అడగాలని ఉంది.